సంఘం కంప్యూటరులో చిన్న సవరణలు: వ్రాసి ఉంచవలసిన అవసరం



పాల సేకరణ కేంద్రాలలో కంప్యూటరు వచ్చిన తర్వాత కార్యదర్శి పని తేలికయిందని అందరూ అంటున్నారు. ఇది నిజమే. పూర్వం బ్యూటిరోమీటరులో ఆమ్లం పోసి, పాలు కలిపి, యంత్రాన్ని చేత్తో త్రిప్పి, వెన్న శాతం చదివి, గోడకు అంటించిన రేటు పట్టీ చూచి, లెక్క కట్టి పాసుపుస్తకంలో వ్రాసేవారు. ఇప్పుడు తూకం యంత్రం, పాల విశ్లేషణ యంత్రం, కంప్యూటరు తీగలతో కలిసి ఉన్నాయి. సభ్యుడు క్యాను తూకం మీద పెట్టిన కొద్దిసేపటికే రసీదు చేతికి వస్తోంది.

అయితే ఒక తేడాను మనం గుర్తించాలి. పుస్తకంలో కార్యదర్శి ఒక అంకె తప్పు వ్రాస్తే ఆ ఒక్క సభ్యునికే నష్టం. ఆ తప్పు సిరాతో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కంప్యూటరులోని ఏర్పాటులో ఒక అంకె తప్పితే ఆ తప్పు ప్రతి సభ్యునికీ, ప్రతి పూటా, ఒకే విధంగా జరుగుతూ పోతుంది. చూడటానికి రసీదు చక్కగానే ఉంటుంది. అందువల్ల కంప్యూటరులో చేసే చిన్న చిన్న సవరణలను గురించి, వాటి మంచి చెడ్డలను గురించి ఈ వ్యాసంలో తెలియజేస్తున్నాము. మేము కంప్యూటరు చదువు చదివినవారం కాము. తనిఖీలలో చూచినదీ, తెలిసినవారిని అడిగి నేర్చుకున్నదీ చెబుతున్నాము.

ఒక సంఘంలో జరిగినది

2023 ఆగస్టులో తడ ప్రాంతంలోని ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాము. సాయంత్రం పూట పాలు పోయడానికి వచ్చిన ఒక సభ్యురాలు రసీదులు దాచుకున్న రేకు డబ్బా మా ముందు పెట్టి, "సార్, మా చెల్లెలి ఊళ్లో ఒకటో తేదీ నుంచి లీటరుకు రెండు రూపాయలు పెంచినారు. మాకు పెంచలేదు. మా గేదెలేం తప్పు చేసినాయి?" అని అడిగింది. కార్యదర్శి నిజాయితీపరుడు. "కంప్యూటరులో అదే వస్తోంది సార్" అన్నాడు. క్రొత్త రేటు పట్టీని తాను ఎక్కించిన మాట కూడా నిజమేనన్నాడు.

వెతికితే తెలిసిన సంగతి ఇది. జూలైలో కంప్యూటరు చెడిపోతే, శ్రీసిటీలో ఉద్యోగం చేస్తున్న ఒక సభ్యుని కుమారుడు ఆదివారం నాడు వచ్చి, పైసా తీసుకోకుండా విండోస్‌ను మళ్లీ ఎక్కించి, పాత లెక్కలు కూడా తిరిగి పెట్టి ఇచ్చాడు. ఆ ఎక్కింపులో తేదీ పద్ధతి మారిపోయింది. మనం ముందు రోజు, తర్వాత నెల వ్రాస్తాము. అమెరికా పద్ధతిలో ముందు నెల, తర్వాత రోజు. క్రొత్త రేటు పట్టీలో అమలు తేదీ 01-08-2023 అని ఉన్నది. ఆగస్టు 1 అని మన భావం. కంప్యూటరు దానిని జనవరి 8 అని చదువుకున్నది. అంతకు ముందటి పట్టీ మే 16 నాటిది. అమలులోకి వచ్చిన పట్టీలలో అన్నిటికంటె తర్వాతి తేదీ దేనికి ఉంటే దానిని తీసుకోవడం ఆ ప్రోగ్రాం పద్ధతి. జనవరి కంటె మే తర్వాతిది కదా! కావున పాత పట్టీయే కొనసాగింది.

ఆ సభ్యురాలు రోజుకు 7 లీటర్లు పోస్తుంది. పది రోజుల బిల్లులో ఆమెకు 140 రూపాయలు తగ్గాయి. సంఘం మొత్తం మీద రోజుకు 310 లీటర్లు. పది రోజులకు 6,200 రూపాయలు. ఆ సొమ్మును ఎవరూ తినలేదు. యూనియన్ క్రొత్త రేటు ప్రకారమే సంఘానికి చెల్లించింది గనుక, ఆ మొత్తం సంఘం లెక్కలో మిగులుగా కనిపించింది. నష్టం వస్తే పాలకవర్గం వెంటనే కారణం వెతుకుతుంది. లాభం రూపంలో వచ్చిన పొరపాటును ఎవరూ వెతకరు. ఇది గమనింపదగిన విషయం. తర్వాతి బిల్లుతో సభ్యులందరికీ తేడా చెల్లించారు. కాని అంతకు ముందే నలుగురు సభ్యులు పాలను ప్రైవేటు కేంద్రానికి మళ్లించారు.

తప్పు ఆ యువకునిదని మేము అనము. అంతకు ముందు ఏ ఏర్పాటు ఎలా ఉన్నదో వ్రాసిన కాగితం సంఘంలో లేదు. లేని కాగితాన్ని అతడు ఎలా చూడగలడు?

తేదీని గురించి

ఈ తప్పు దాగి ఉండటానికి ఒక కారణం ఉన్నది. తేదీ 13 నుంచి 31 లోపు అయితే, పదమూడవ నెల లేదు గనుక కంప్యూటరు తికమకపడి ఏదో ఒక విధంగా బయటపెడుతుంది. 1 నుంచి 12 లోపు అయితే మారు మాట్లాడకుండా తప్పు చదువుకుంటుంది. ఏడాదిలో అటువంటి తేదీలు 144. అందులో జనవరి 1, ఫిబ్రవరి 2 వంటి 12 తేదీలు ఎలా చదివినా ఒకటే. మిగిలిన 132 రోజులూ ప్రమాదకరమైనవే. రేటు పట్టీలు ఎక్కువగా ఒకటవ తేదీ నుంచే అమలవుతాయి గనుక మనకు ప్రమాదం మరింత ఎక్కువ.

దీనికి రెండు పనులు చేయాలి. మొదటిది, ప్రాంతీయ ఏర్పాట్లలో దేశం భారతదేశం అనీ, తేదీ రోజు-నెల-సంవత్సరం అనీ ఉన్నదా చూచుకోవాలి. రెండవది, ఫైళ్ల పేర్లలోనూ, మనం తయారు చేసే పట్టికలలోనూ తేదీని 2023-08-01 అని, ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు వచ్చేలా వ్రాయాలి. 1988లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఇదే. ఇలా వ్రాస్తే అపార్థానికి తావుండదు. ఫైళ్లు కూడా వాటంతట అవే తేదీల వరుసలో నిలుస్తాయి.

గడియారం కూడా చూడండి. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కు పోతుంది. ఉదయం మొదటి క్యాను తూచే ముందు తేదీ, పూట చూచే అలవాటు చేసుకోవాలి.

తీగలు, పోర్టులు

"యంత్రం బాగానే ఉన్నది, కంప్యూటరులో అంకె రావడం లేదు" అనే ఫిర్యాదు తరచు వింటున్నాము. విశ్లేషణ యంత్రం, తూకం యంత్రం ఒక్కొక్క వరుస పోర్టు ద్వారా కంప్యూటరుకు అంకెలు పంపుతాయి. ఇప్పటి కంప్యూటర్లకు పాత రకం పోర్టు లేదు గనుక మధ్యలో యూఎస్‌బీ మార్పిడి తీగ పెడుతున్నారు. ఈ తీగను ఊడ్చేటప్పుడు తీసి వేరొక రంధ్రంలో పెడితే, చాలా రకాల తీగలకు కంప్యూటరు క్రొత్త పోర్టు సంఖ్య ఇస్తుంది. ప్రోగ్రాం మాత్రం పాత సంఖ్య దగ్గరే ఎదురు చూస్తూ కూర్చుంటుంది.

పరికరాల నిర్వహణ పట్టికలో పోర్టుల క్రింద, ఆ తీగ ఏర్పాట్లలోకి వెళ్లి పాత సంఖ్యను తిరిగి ఇవ్వవచ్చు. అంతకంటె చవకైన ఉపాయం ఒకటి ఉన్నది. తూకం తీగకు, దాని రంధ్రానికి ఎర్ర రంగు చుక్క, విశ్లేషణ యంత్రం తీగకు, దాని రంధ్రానికి పచ్చ రంగు చుక్క పెట్టండి. ఊడ్చేవారికి కూడా అర్థమవుతుంది.

అంకెలు పంపే వేగం రెండు వైపులా ఒకటే ఉండాలి. యంత్రం 9600 వేగంతో పంపుతుంటే కంప్యూటరు 2400 వేగంతో వింటే పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ వేగమెంతో యంత్రం వెనుక చీటీ మీద వ్రాసి అంటించండి. పులికాట్ సరస్సు గాలి తగిలే ఊళ్లలో తీగల కొనలు త్వరగా చిలుము పడతాయి. ప్రోగ్రాం ఏర్పాట్లను కదిలించే ముందు తీగ కొనను శుభ్రం చేసి చూడండి.

కిలో, లీటరు, స్థిరాంకం

ఇవి డబ్బుతో నేరుగా ముడిపడిన ఏర్పాట్లు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. అంటే 103 కిలోలు 100 లీటర్లు. తూకం కిలోలలో ఉండి, ధర లీటర్లలో ఉంటే ప్రోగ్రాం 1.03తో భాగిస్తుంది. ఎవరైనా తూకం యంత్రాన్ని లీటర్ల పద్ధతికి మార్చి, ప్రోగ్రాంలో భాగింపును అలాగే వదిలితే రెండుసార్లు భాగింపు జరుగుతుంది. అప్పుడు 103 కిలోల పాలు 97.09 లీటర్లుగా నమోదవుతాయి. సభ్యులకు నూటికి దాదాపు మూడు లీటర్లు నష్టం. భాగింపు అసలే లేకపోతే 103 లీటర్లుగా నమోదై సంఘానికి నష్టం.

ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలో కూడా ఇటువంటిదే ఒకటి ఉన్నది. లాక్టోమీటరు రీడింగును 4తో భాగించి, వెన్న శాతంలో పావు వంతు కలిపి, దానికి 0.44 కలపడం ఒక సూత్రం. రీడింగు 28, వెన్న 6.0 అయితే 7 + 1.5 + 0.44 = 8.94. ఆ చివరి స్థిరాంకం పొరపాటున 0.35 అయితే 8.85 వస్తుంది. రేటు పట్టీలో 8.9 దగ్గర మెట్టు ఉంటే సభ్యుడు ఒక మెట్టు దిగిపోతాడు. ఏ సూత్రం వాడాలో మీ యూనియన్ ఉత్తర్వు చెబుతుంది. ఉత్తర్వు నకలు కంప్యూటరు ప్రక్కన ఉండాలి. యంత్రంలో ఉన్న అంకె దానితో సరిపోవాలి. నెలకొకసారి ఒక రసీదు తీసుకొని కాగితం మీద చేత్తో లెక్క కట్టి చూడండి. ఐదు నిమిషాల పని.

పూట మధ్యలో నిద్రపోయే కంప్యూటరు

పాలు పోసేవారు వరుసలో నిలబడి ఉండగా కంప్యూటరు తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం చాలా చోట్ల జరుగుతున్నది. విండోస్‌లో పని వేళలు అనే ఏర్పాటు ఉన్నది. అందులో ఉదయం 5 నుంచి రాత్రి 9 వరకు అని పెడితే, సవరణల కోసం ఆ వేళల్లో తనంతట తాను తిరిగి మొదలుకాదు. ఈ వ్యవధిని 18 గంటల వరకు పెట్టవచ్చు. విద్యుత్ ఏర్పాట్లలో నిద్ర పద్ధతిని తీసివేయాలి. యూఎస్‌బీ పరికరాలకు విద్యుత్ ఆదా చేసే ఏర్పాటును కూడా తీసివేయాలి. లేకపోతే పాలు పోసేవారు కొంతసేపు రాకుంటే మార్పిడి తీగ నిద్రపోతుంది.

ఇంకొక మాట. విండోస్ 10కి సాధారణ సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. దానిమీదనే నడుస్తున్న సంఘాలు యూనియన్‌ను సంప్రదించి మార్పుకు ఏర్పాటు చేసుకోవాలి. అంతవరకు ఆ కంప్యూటరులో సినిమాలు, తెలియని పెన్‌డ్రైవులు పెట్టకండి.

రాత్రి నకలు

కంప్యూటరుకు ఒక చిన్న కాగితం వంటి ఫైలులో నాలుగు ఆజ్ఞలు వ్రాసిపెట్టి, ప్రతి రాత్రీ ఫలానా వేళకు వాటిని అమలు చేయమని చెప్పవచ్చు. ఇటువంటి పద్ధతి క్రొత్తది కాదు. బెల్ లేబొరేటరీస్‌లో పుట్టిన యూనిక్స్‌లో 1970ల నుంచే ఉన్నది. విండోస్‌లో పనుల షెడ్యూలరు అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. రోబోకాపీ అనే ఆజ్ఞ లెక్కల ఫైళ్లను పెన్‌డ్రైవులోకి నకలు తీస్తుంది. దీనిలో జాగ్రత్తలు నాలుగు.

ఒకటి. సేకరణ ప్రోగ్రాం తెరిచి ఉండగా నకలు తీస్తే అది అసంపూర్ణంగా రావచ్చు. ప్రోగ్రాం మూసిన తర్వాత తీయాలి. ప్రోగ్రాంలోనే నకలు తీసే సౌకర్యం ఉంటే ముందు దానిని వాడి, ఆ నకలును రోబోకాపీతో పెన్‌డ్రైవుకు పంపడం మేలు.

రెండు. ఈ ఆజ్ఞకు అద్దం పద్ధతి ఒకటి ఉన్నది. అసలులో ఏముంటే నకలులో అదే ఉండేలా చేస్తుంది. అసలులో లేనిదానిని నకలులో కూడా చెరిపివేస్తుంది. ఎవరైనా పొరపాటున అసలు ఫోల్డరును ఖాళీ చేస్తే ఆ రాత్రికి నకలు కూడా ఖాళీ అవుతుంది. మనకు ఇది వద్దు. రోజుకొక ఫోల్డరు, తేదీ పేరుతో, విడిగా ఉంచాలి. ఆ పేరు కోసం ఆజ్ఞల ఫైలు కంప్యూటరు తేదీని అడిగితే, తేదీ పద్ధతి మారినరోజు ఫోల్డరు పేరు కూడా మారిపోతుందని మరువరాదు.

మూడు. పని ముగిసిన తర్వాత రోబోకాపీ ఒక సంఖ్య ఇస్తుంది. 8, అంతకు పైన వస్తే నకలు విఫలమైనట్లు. 1 వస్తే క్రొత్త ఫైళ్లు నకలు అయినట్లు. 0 వస్తే తప్పేమీ లేదు గాని నకలు తీయవలసినది ఏమీ కనబడలేదని అర్థం. రోజుకు రెండు పూటలా పాలు సేకరించే సంఘంలో రాత్రి 0 రావడం మంచి వార్త కాదు. బహుశా తప్పు ఫోల్డరును నకలు తీస్తున్నారు. వెంటనే చూడాలి.

నాలుగు. షెడ్యూలరులో వేళ తప్పిన పనిని వీలయినంత త్వరగా అమలు చేయమనే గడి ఉన్నది. కరెంటు కోతలున్న మన ఊళ్లలో ఆ గడిలో టిక్కు తప్పనిసరి.

పెన్‌డ్రైవులు రెండుండాలి. ఒకటి కార్యదర్శి వద్ద, ఒకటి అధ్యక్షుని ఇంట. వారానికొకసారి మార్చుకోవాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినటువంటి రోజుల్లో కంప్యూటరు, దానికి గుచ్చిన పెన్‌డ్రైవు కలిసే తడుస్తాయి. మూడు నెలలకొకసారి నకలును వేరొక కంప్యూటరులో తెరిచి ఏదైనా ఒక బిల్లు చూడాలి. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కించకూడదు.

బిల్లు పంపే ముందు సరిచూసే ప్రోగ్రాం

వరుసలు, గడులు ఉన్న ఫైలును చదివి లెక్క చూచేందుకు 1977లో ముగ్గురు శాస్త్రవేత్తలు తమ పేర్ల మొదటి అక్షరాలతో ఆక్ అనే భాషను తయారు చేశారు. ఒక్క పంక్తితో గడి మొత్తం కూడిక వస్తుంది. అది తెలియకపోయినా ఎక్సెల్ పట్టికతో ఇదే పని చేయవచ్చు. చూడవలసినవి ఇవి: సభ్యుల లీటర్ల కూడిక పూట మొత్తంతో సరిపోయిందా? భావి తేదీలు, మరీ పాత తేదీలు ఉన్నాయా? బ్యాంకు శాఖ సంకేతంలో 11 అక్షరాలున్నాయా? వాటిలో ఐదవది సున్నాయేనా, లేక ఎవరైనా అక్షరం కొట్టారా?

ఖాతా సంఖ్యల విషయంలో మరొక హెచ్చరిక. ఎక్సెల్‌లో ఫైలు తెరిచినపుడు సంఖ్యకు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలకు పైబడిన సంఖ్యలో చివరి అంకెలు సున్నాలయిపోతాయి. ఆ గడిని ముందే అక్షర గడిగా నిర్ణయించి తర్వాత ఫైలు తేవాలి.

ప్రోగ్రాం వ్రాసే యువకులకు ఒక మాట. 4.35 రూపాయలను పైసలుగా మార్చడానికి 100తో గుణించి దశాంశాన్ని కత్తిరిస్తే చాలా భాషల్లో 435 రాదు, 434 వస్తుంది. మూడవ వంతును మనం దశాంశాల్లో పూర్తిగా వ్రాయలేనట్లే, కంప్యూటరు తన రెండంకెల పద్ధతిలో 4.35ను పూర్తిగా వ్రాయలేదు. కావున కత్తిరించవద్దు, సవరించి పూర్ణాంకం చేయండి. పైసే కదా అనరాదు. ఆ పైస ఎప్పుడూ ఒకే వైపునుంచి పోతుంది.

సరిచూసే ప్రోగ్రాం చదవాలే గాని దిద్దకూడదు. తేడా ఉన్న వరుసలను చూపితే చాలు. దిద్దవలసినది కార్యదర్శి, కారణం వ్రాసి.

మార్పుల పుస్తకం

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి తడ మండలం నెల్లూరు జిల్లా నుంచి అందులో చేరింది. రసీదు పైభాగంలో జిల్లా పేరు మార్చడానికి ఒక సంఘంలో ఏర్పాట్ల ఫైలును నోట్‌ప్యాడులో తెరిచి, తెలుగు అక్షరాలు పట్టని పాత పద్ధతిలో దాచారు. మరునాడు సంఘం పేరు స్థానంలో ప్రశ్న గుర్తులు వచ్చాయి. ఫైలు నకలు ముందే తీసి ఉంచారు గనుక రెండు నిమిషాల్లో పాత ఫైలు పెట్టి పాలు తూచారు. నేర్చుకోవలసినది ఇదే. తప్పు చేయని మనిషి ఉండడు. వెనక్కు వెళ్లే దారి ముందే వేసుకోవాలి.

ఇందుకు ఇరవై రూపాయల నోటు పుస్తకం చాలు. గడులు ఆరు: తేదీ, ఏ ఏర్పాటు, ముందు ఎంత ఉన్నది, ఇప్పుడు ఎంత, ఎవరు మార్చారు, ఏ రసీదుతో సరిచూచారు. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. పూట నడుస్తుండగా ఏ మార్పూ చేయరాదు. రేటు, స్థిరాంకం, కిలో–లీటరు వంటి డబ్బుతో సంబంధించిన మార్పులకు అధ్యక్షుని సంతకం ఉండాలి. బయటినుంచి వచ్చి బాగు చేసినవారు సైతం వెళ్లే ముందు ఈ పుస్తకంలో వ్రాసి వెళ్లాలి. క్రొత్త రేటు వచ్చినపుడు మొదటి పూట మొదటి రసీదును పట్టీతో సరిచూచి, ఆ పట్టీని అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. కంప్యూటరు వచ్చింది గదా అని గోడ మీది పట్టీ తీసివేసిన సంఘాలు దానిని మళ్లీ పెట్టాలని కోరుతున్నాము. ఆ సభ్యురాలు తన చెల్లెలి ఊరి రసీదు చూడకపోతే ఆ తప్పు ఎన్ని బిల్లుల వరకు సాగేదో!

సహకార సంఘంలో ప్రతి లెక్కనూ సభ్యుడు అడిగి తెలుసుకునే హక్కు ఉన్నది. "కంప్యూటరులో అదే వస్తోంది" అనేది ఆ ప్రశ్నకు జవాబు కాజాలదు. ఎందుకు వస్తోందో చూపగలగాలి. వచ్చే తనిఖీలో మేము రోకడ పుస్తకం, స్టాకు పుస్తకం, మార్పుల పుస్తకం, మూడింటినీ అడుగుతాము. సిద్ధంగా ఉంచవలసిందిగా మనవి.